మంప్సిమస్ గారికి ఓ మనవి

మంప్సిమస్ గారూ, నమస్కారమండి.

మొదటిసారి డిక్షనరీలో మీ పేరు చూసి ఏదో పురుగు సైంటిఫిక్ నేమ్ అనుకున్నా, ఏమనుకోకండి. తీరా చూస్తే మీరు ఇంగ్లీషులో దాదాపు 500 ఏళ్ళ పెద్దమనిషి. ఇది తప్పురా బాబూ అని చూపించినా ససేమిరా మార్చుకోనివాడూ మీరే, వాడు పట్టుకు వేలాడే ఆ తప్పూ మీరే.

మీ పుట్టుక మాత్రం అద్భుతం. చర్చిలో ప్రసాదం పుచ్చుకున్నాక లాటిన్‌లో 'క్వోద్ ఓరే సంప్సిమస్' అని చదవాలి, అంటే నోటితో మేం తీసుకున్నది అని. ఓ ఫాదర్‌గారు దాన్ని మంప్సిమస్ అని చదివేవాడట, లాటిన్‌లో ఆ ముక్కకి అర్థమే లేదు. ఎవరో చెప్తే, పోవయ్యా, నీ కొత్త సంప్సిమస్ కోసం నా పాత మంప్సిమస్ వదులుకుంటానా అన్నాడట. 1516లో ఎరాస్మస్ అనే పండితుడు ఈ కథ ఓ ఉత్తరంలో రాశాడు, పాపం ఆయన బాధ ఆయనది, అదే ఏడాది గ్రీకు బైబిల్ కొత్త నిబంధన అచ్చేసి పక్కనే తన లాటిన్ అనువాదం పెడితే, వెయ్యేళ్ళుగా చదువుతున్న పాత లాటిన్ అనువాదం మార్చడానికి నువ్వెవడివి అని మీద పడ్డారు జనం. మరుసటి ఏడాది రిచర్డ్ పేస్ అనే ఇంగ్లీషాయన, ఫాదర్ అలా 30 ఏళ్ళు చదివాడని తన పుస్తకంలో ఎక్కించాడు.

ఇక 1545 క్రిస్మస్ ముందురోజు పార్లమెంటులో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ, మతం విషయంలో కొందరు పాత మంప్సిమస్‌తో బిగుసుకుపోయారు, ఇంకొందరు కొత్త సంప్సిమస్‌తో ఎగిరెగిరి పడుతున్నారు అని ఇద్దరికీ వాయించాడు. అప్పటికి ఆరో పెళ్ళాంతో కాపురం చేస్తున్న మనిషి పాతని పట్టుకు వేలాడకండి అంటే ఎవరు కాదంటారు లెండి.

నాకు మండేదెక్కడంటే, ఆ సంప్సిమస్ అనే ఒరిజినల్ ఇంగ్లీషులోకి వచ్చింది కూడా మీ తోక పట్టుకునే. తప్పు ముందు నడిస్తే ఒప్పు వెనకాల సంచీ మోసుకొచ్చింది.

మా ఇంట్లోనూ మీ బ్రాంచి ఉంది. మా నానమ్మ రోజూ 'శుక్లాం... బరధరం' అని విరిచి చదువుతుంది, అది శుక్ల అంబర ధరం నానమ్మా, తెల్లబట్ట కట్టుకున్నవాడు అని అర్థం, బరధరం అంటే ఏం లేదు అని చెప్తే, వత్తి ఎగదోస్తూ నా వైపు చూడకుండానే "ఇన్నేళ్ళూ ఆయనకి అర్థమైంది, నీకే కాలేదురా" అంది.

ఇదంతా ఫ్యామిలీ గ్రూపులో పెడుతూ ఎరాస్మస్ అనే ఇంగ్లీషాయన అని రాసేశా. చెల్లి వెంటనే, ఆయనది రోటర్‌డ్యామ్ అన్నయ్యా, డచ్చివాడు అంది. కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పాడుగా, ఏదో ఒకటిలే అన్నా. ఎడిట్ ఆప్షన్ ఇంకా కనిపిస్తూనే ఉంది, నొక్కలేదు.

ఇట్లు,
మీ వాడే