మా బడిలో ఫస్టు ర్యాంకు మా అమ్మాయిదే

మా విద్యాసంస్థ గురించి మీరు విని ఉండరు. కాలిఫోర్నియాలో ఉంది, మేడ మీద, గెస్ట్ రూము పక్కన. విద్యార్థిని ఒకతె, సిబ్బంది ఇద్దరు. ఒక్కో విద్యార్థికి ఇద్దరేసి టీచర్లన్నమాట. ప్రపంచంలో ఏ పేరుమోసిన యూనివర్సిటీ ఈ నిష్పత్తిని అందుకుందో చూపించండి. ప్రిన్సిపాల్ మా ఆవిడ. నేను కౌన్సెలర్ని, ల్యాబ్ అసిస్టెంటుని, స్కూలు బస్సు డ్రైవర్ని. సంస్థ పేరు ఇక్కడ చెప్పను. అడ్మిషన్లు అయిపోయాయి.

మీరు నవ్వుతారని తెలుసు గాని ఇది చట్టప్రకారం నడుస్తున్న వ్యవహారం. ఈ రాష్ట్రంలో పిల్లల్ని ఇంట్లో చదివించుకునేవాళ్లు చాలామంది మాలాగే ఏటా అక్టోబరు 1 నుంచి 15 లోపు ప్రైవేట్ స్కూల్ అఫిడవిట్, అంటే మా ఇల్లే ఓ ప్రైవేట్ స్కూలని రాసిచ్చే కాగితం, దాఖలు చేస్తారు. పిల్లలెందరు, టీచర్లెందరు, రికార్డులు ఎక్కడుంటాయి అని అడుగుతారు. మా రికార్డులు ఇస్త్రీ బట్టల బీరువాలో పై అరలో ఉంటాయి. హాజరుపట్టీ కూడా పెట్టాలి. పూటా, అంతకుమించి రాకపోతే ఆ సంగతి అందులో రాయాలి. మా అమ్మాయి తొమ్మిదో గ్రేడు నాటికే కళ్లెదురుగా కూర్చునే గైర్హాజరయ్యే విద్య సాధించింది. దానికి పట్టీలో గడి లేదు.

అసలు బడి మాన్పించిందెందుకంటారా? గంటలు, గళ్లు, గ్రేడ్లు పిల్లల మనసుని ఎదగనివ్వవని. దాన్ని నాలుగో గ్రేడులో బయటికి తెచ్చిన రాత్రి మా ఆవిడా నేనూ చాలా ఉదాత్తంగా మాట్లాడుకున్నాం. అంత గొప్పగా మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు, ఎందుకంటే మర్నాటినుంచి కరికులం ఎంచుకోవడం మొదలైంది.

ఇంటిచదువులో పిల్లలు చదివేది తక్కువ, కరికులం గురించి తల్లిదండ్రులు చదివేది ఎక్కువ. మేం ఎనిమిది నెలలు చదివాం. మొదట క్లాసికల్ పద్ధతిలో పడ్డాం. అందులో ముందు వ్యాకరణం, తర్వాత తర్కం, ఆపైన వాగ్ధాటి. వీటన్నిటికీ పునాది లాటిన్. పిల్ల మూడు వారాలపాటు పొద్దున్నే "అమో, అమాస్, అమాత్" అని వల్లెవేసింది. 'నేను ప్రేమిస్తున్నాను, నువ్వు ప్రేమిస్తున్నావు' అని దాని అర్థం. ఫోన్లో విన్న మా అత్తగారు మాత్రం "పిల్ల అమ్మో అమ్మో అంటోంది, ఒంట్లో బాగాలేదా?" అని కంగారుపడింది. మూడో వారానికి పిల్ల కూడా ఆ అర్థంలోనే అనడం మొదలుపెట్టింది.

తర్వాత షార్లెట్ మేసన్. 1842లో పుట్టిన ఈ ఇంగ్లిషు దొరసాని పాఠాలు పొట్టిగా ఉండాలంది, పిల్లల్ని చెట్టూ పుట్టా తిప్పమంది. తిప్పాం. అమ్మాయి నోట్‌బుక్కులో ఒక ఉడత, నాకు మోకాలి నొప్పి మిగిలాయి.

చివరికి జాన్ హోల్ట్ దగ్గరికి చేరాం. 'అన్‌స్కూలింగ్' అనే మాటని 1977లో వాడుకలోకి తెచ్చిన పెద్దమనిషి. పిల్లల్ని నమ్మి వదిలేస్తే వాళ్లకి కావలసింది వాళ్లే నేర్చుకుంటారన్నాడు. వదిలేశాం. రెండు నెలలు అది పదకొండింటిదాకా హాయిగా నిద్రపోయింది. నిద్ర పట్టనిది మాకే.

ఈ పద్ధతులన్నిటికీ ఒకదానితో ఒకటి పడదుగాని, అన్నీ అట్టపెట్టెల్లోనే వస్తాయి. లాటిన్ పెట్టె, లెక్కల పెట్టె, మైక్రోస్కోపు పెట్టె. తొమ్మిదో గ్రేడులో మా అమ్మాయి ఆ పుస్తకాలు తీసి పక్కన పడేసి, పెట్టెలు కోసి, మేడమీంచి హాల్లోకి మెట్ల పొడుగునా గోళీలు దొర్లే కాలవ కట్టింది. మలుపు దగ్గర గోళీ ఎగిరిపోతోందని ఏటవాలు మార్చింది. మళ్లీ ఎగిరితే ఫోన్లో వీడియో తీసి, దాన్ని నెమ్మదిగా నడిపి చూసింది. వారాల తరబడి ఇదే పని. మేం ఇద్దరం ఒకే గొంతుతో "చదువు మానేసి ఆ అట్టపెట్టెలతో ఏమిటే!" అని కేకలేశాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఓ పుట్టినరోజు పార్టీలో ఒకాయన నన్ను పక్కకి పిలిచి, చావు కబురు చెప్పే గొంతుతో "మరి ట్రాన్‌స్క్రిప్టో?" అన్నాడు.

ట్రాన్‌స్క్రిప్టు అంటే హైస్కూలు నాలుగేళ్లలో ఏయే కోర్సులు, ఎన్ని క్రెడిట్లు, ఏ గ్రేడు అని కాలేజీలకి చూపించే పట్టిక. ఇంటిబడి పిల్లలకి దాన్ని అమ్మానాన్నలే రాయాలి. ఒక క్రెడిట్ అంటే సుమారు 120 గంటల చదువు. ఈ లెక్క ఏ మహర్షి ధ్యానంలో తేల్చాడో అని వెతికాను. 1905లో ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ, కాలేజీ ప్రొఫెసర్ల పెన్షన్లకని కోటి డాలర్లిచ్చాడు. ఆ డబ్బులో వాటా కావాలంటే, చేరే పిల్లలు హైస్కూల్లో 14 యూనిట్లు, అంటే ఇలాంటి క్రెడిట్లే, పూర్తిచేసి ఉండాలని కాలేజీలు పట్టుబట్టాలన్నారు. అదీ దీని పుట్టుక. ప్రొఫెసర్ల పెన్షన్ కోసం పుట్టిన కొలబద్ద పట్టుకుని నేను మెట్ల మీద కూర్చుని గోళీల కాలవని కొలిచాను. 137 గంటలు తేలింది. 'మెకానికల్ డిజైన్, ల్యాబ్‌తో సహా, 1 క్రెడిట్' అని రాశాం. ల్యాబ్ అంటే మెట్లు.

గ్రేడ్ల దగ్గర పెద్ద చిక్కే వచ్చింది. కన్నతల్లి వేసిన 'ఏ'లని ఎవరు నమ్ముతారు? ప్రిన్సిపాల్ రెండు రాత్రులు ఆలోచించి ఆల్జీబ్రాలో 'బీ ప్లస్' వేసింది.

"నాన్నా, అన్నీ రైటే కదా?" అని అమ్మాయి నా దగ్గరికి అప్పీలుకొచ్చింది.

"రైటే తల్లీ. కానీ అన్నిట్లో 'ఏ' ఉంటే అనుమానిస్తారు."

"ఉన్న మార్కులు తగ్గిస్తే నమ్ముతారా?"

ప్రిన్సిపాల్ గదిలోనే పడుకునే కౌన్సెలర్ ఎలాంటి తీర్పిస్తాడు? అప్పీలు కొట్టేశాను. పిల్ల మనోవికాసం కోసం గ్రేడ్లు వదిలి వచ్చిన మేము, ఆ గ్రేడ్లు నిజంలా కనబడాలని అబద్ధం వేశాం.

ట్రాన్‌స్క్రిప్టు అధికారికంగా కనబడాలి గదా, రబ్బరు స్టాంపు చేయించాం. స్టాంపుకి చిహ్నం కావాలి, చిహ్నానికి నినాదం కావాలి. అటకెక్కించిన లాటిన్ అక్కడ అక్కరకొచ్చింది. పనిలో పనిగా ప్రిన్సిపాల్ ఒక గంట కూడా కొనేసింది.

కాలేజీ ప్రవేశాలకి రాసే ఎస్ఏటీ పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. 2020లో కోవిడ్ పుణ్యాన చాలా కాలేజీలు ఆ స్కోరు అక్కర్లేదన్నాయి. 2022లో ఎంఐటీ, 2024లో డార్ట్‌మత్, హార్వర్డ్ మళ్లీ కావాలన్నాయి. మేం కొన్న ప్రాక్టీసు పుస్తకాలు ఆ లెక్కన అటక ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. నా బాధల్లా ఒక్కటే. రిజిస్ట్రేషన్లో స్కూలు కోడ్ అడిగితే ఇంటిబడి పిల్లలకి 970000 అని ఉంది. అందరికీ అదే. చిహ్నం ఏదీ, నినాదం ఏదీ! పోనీలే, ఆ లెక్కన దేశంలోకెల్లా పెద్ద స్కూలు మాదే అని సరిపెట్టుకున్నాను.

ఇక కామన్ యాప్. ఒక్కసారి నింపితే చాలా కాలేజీలకి పంపుకోగలిగే ఆన్‌లైన్ దరఖాస్తు. వ్యాసం 650 మాటలు దాటకూడదు. చదువుకి బయట చేసిన ఘనకార్యాలకి పది గళ్లు, ఒక్కోదాని వివరణకి 150 అక్షరాలు, వారానికెన్ని గంటలో, ఏడాదికెన్ని వారాలో లెక్క. అమ్మాయి వాళ్ల అమ్మమ్మకి వాట్సాప్ నేర్పింది, ఆదివారం ఆదివారం, ఓపిగ్గా, రెండేళ్లపాటు. నేను 'అంతర్జాతీయ డిజిటల్ అక్షరాస్యతా కార్యక్రమం, వ్యవస్థాపకురాలు' అని టైపు చేశాను.

"అది అమ్మమ్మ, నాన్నా," అంది.

తీసేశాను. పదో గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

స్కూలు తరఫున కౌన్సెలర్ సిఫారసు కూడా పంపాలి. మా సంస్థలో కౌన్సెలర్ నేనే గనక నిన్న రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. తరగతిలో ఎందరు? ఒకరు. ర్యాంకు? ఒకటి. ఆఖరి ర్యాంకు కూడా ఆవిడదేనని అడగనివాళ్లకి చెప్పడం దేనికి? ఈ విద్యార్థిని మీకు ఎంతకాలంగా, ఏ సందర్భంలో తెలుసు? 'పదిహేడేళ్లుగా. ప్రసూతి గది బయట పరిచయం' అని రాశాను. ప్రిన్సిపాల్ వెనకనుంచి చూసి చెరిపించింది. 'సంస్థ ప్రారంభం నుంచి' అని మార్చాం. ఆమె గురించి చెప్పాలంటే మీకు ముందుగా తోచే మాటలేవి? 'మొండిఘటం' అని తోచింది. అదీ చెరిపేశాను. 'స్వయంప్రేరిత' అని రాశాను. మొండిఘటమే బాగుందనిపించింది.

అప్పుడే మేడమీంచి టకటకమని శబ్దం వినిపించింది. ఒక గోళీ మలుపు దగ్గర ఎగరకుండా చక్కగా తిరిగి, హాలంతా దొర్లి, నా కుర్చీ కాలికి తగిలి ఆగింది.

"దానికి క్రెడిట్ ఎప్పుడో వేసేశాం గదే, ఇంకా ఎందుకూ!" అని ప్రిన్సిపాల్ కేకేసింది.

"ఊరికే," అంది మా విద్యార్థిని పైనుంచి. ఇంకో గోళీ వదిలింది.