మహారాజశ్రీ పది రూపాయల బిళ్ళ గారికి

మహారాజశ్రీ పది రూపాయల బిళ్ళ గారి దివ్యసముఖానికి, నల్లగొండ జిల్లాలోని ఒకానొక సర్కారు బడి వ్యాయామ ఉపాధ్యాయుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి అనడానికి నోరు రావడం లేదు. తమరు కుశలమే, మెరుపు కూడా తగ్గలేదు. మా పిల్లలు పన్నెండు మందే ఆదివారం నుంచి సరిగా అన్నం తినడం లేదు.

మహబూబ్‌నగర్‌లో జరిగిన అండర్-14 ఫుట్‌బాల్ అర్హత పోటీల్లో తమరిచ్చిన తీర్పు సంగతే ఇది.

తెల్లవారుజామున నాలుగున్నరకు దేవరకొండలో తుఫాన్ బండి ఎక్కి, ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా ఏడున్నరకల్లా మైదానంలో దిగాం. మొదటి మ్యాచ్ ఎనిమిదింటికన్నారు. ముఖ్య అతిథి పదకొండున్నరకు వచ్చారు. గోలుకు వల లేదు. బోనఫైడ్ పత్రం మీద ముద్ర మసకగా ఉందని మా కుర్రవాణ్ణి ఒకణ్ణి గంటసేపు ఎండలో నిలబెట్టారు. ఇవన్నీ మామూలే, ఎప్పుడో అలవాటు పడ్డాను. శాలువాలు లెక్కపెట్టాను, పందొమ్మిది. అతిథి గారు ముప్పావు గంట క్రికెట్ గురించి మాట్లాడి, ఎవరో చెవిలో ఊదగా, మన హైదరాబాదు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిపించారని చెప్పి ముగించారు. నిజమే. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిపించారు, బిళ్ళ ఎగరేసి కాదు.

మా వంతు వచ్చేసరికి సాయంత్రం ఐదు. ఆటను అటు పది నిమిషాలు, ఇటు పది నిమిషాలకు కుదించారు. 1-1. ఇక పెనాల్టీ తన్నులతోనే తేలుతుందని మా గోల్‌కీపర్ చేతి తొడుగులు బిగించుకుని గోలు వైపు నడిచాడు కూడా. రెండు నెలలుగా రోజూ చీకటి పడేదాకా వాడు చేసిన సాధన పెనాల్టీలు ఆపడమే. అప్పుడు మైకులో వినిపించింది: "వెలుతురు తగ్గుతోంది, టాస్ వేసేద్దాం."

రిఫరీ దగ్గర బిళ్ళ లేదు. అందరూ ఫోన్లలోనే చెల్లిస్తున్న రోజులు. "సార్, మీ దగ్గర చిల్లర ఉందా?" అని నన్నే అడిగారు. ఇచ్చాను. ఏ కిరాణా కొట్టువారూ తీసుకోక వారం నుంచి నా జేబులో పడి ఉన్న మిమ్మల్నే ఇచ్చాను.

మా కెప్టెన్ బొమ్మ అన్నాడు. తమరు బొరుసు పడ్డారు.

అయ్యా, పది రూపాయల బిళ్ళలు 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించినా, మా వైపు దుకాణాల్లో మిమ్మల్ని పలకరించే దిక్కు లేదు. కొత్తిమీర కట్టకు చెల్లని వారు పన్నెండు మంది పిల్లల ఏడాదికి ఎలా చెల్లారు? 1968 జూన్ 5న నేపుల్స్‌లో ఇటలీ, సోవియట్ జట్ల యూరప్ సెమీఫైనల్ గోల్ లేకుండా ముగిస్తే, మీ చుట్టమే ఒకరు ఇటలీని ఫైనల్‌కు పంపారు. ఇదేం పద్ధతని తోచినట్టుంది, 1970లో పెనాల్టీ షూటౌట్‌ను నిబంధనల్లో చేర్చారు. ఆ కబురు పాలమూరు చేరడానికి యాభై ఏళ్ళు చాలలేదా? ఐదేసి తన్నులకు పది నిమిషాలు పడుతుంది. పదే! నాలుగు శాలువాలు తగ్గించినా మిగిలేవి. వెలుతురు లేదట. మరి ఆ తర్వాత అరగంట ఫొటోలు దేని వెలుతురులో దిగారు?

వాళ్ళు సరే. నువ్వేం చేశావు? అంత ఎత్తుకు ఎగిరినదానివి, అంచు మీద నిలబడలేకపోయావా? ఎవరూ గెలవలేదు, పిల్లల్ని ఆడనివ్వండి అన్నట్టుండేది. పడటానికి అంత తొందరేమిటి? ఏకవచనం దొర్లింది. దొర్లనీ.

తిరుగుదారిలో జడ్చర్లలో టీ తాగి నిన్నిస్తే, కొట్టాయన "ఇది చెల్లదు సార్" అన్నాడు. పొద్దున్నుంచి విన్నవాటిలో న్యాయమైన మాట అదొక్కటే.

సోమవారం సాయంత్రం గోల్‌కీపర్ వచ్చి, "సార్, ఆ బిళ్ళ నాకిస్తారా?" అన్నాడు. చెరువులోకి విసురుతాడేమో అనుకున్నాను, నాకేమీ అభ్యంతరం లేకపోయింది. వాడు గోలు నుంచి 11 మీటర్లు కొలిచాడు. బడిలో సున్నం అయిపోయింది కదా, పెనాల్టీ గుర్తుకోసం నిన్ను మట్టిలోకి నొక్కి, మీద బంతి పెట్టి, కెప్టెన్‌ను పిలిచాడు.

ఐదింటిలో మూడు ఆపాడు. నువ్వింకా అక్కడే ఉన్నావు. వాన పడి సున్నం బస్తా వచ్చేదాకా కదలకు.

ఇట్లు,
నిన్ను రిఫరీ చేతిలో పెట్టిన పాపాత్ముడు