పురుడు పుట్టింట్లో, రుజువు మెట్టినింట్లో

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది మన ఇళ్లలో ఇప్పటికీ చెల్లుతున్న మాట. ఒడిశాలోని బరంపురం కోడలు పురుటికి సరిహద్దు దాటి ఆంధ్రలోని ఇచ్ఛాపురం వెళుతుంది. పర్లాకిమిడి కోడలు పాతపట్నం వెళుతుంది. మహారాష్ట్రలోని సిరొంచ కోడలు ప్రాణహిత నది దాటి తెలంగాణలోని చెన్నూరు చేరుతుంది, కిన్వట్ కోడలు ఆదిలాబాద్ బస్సెక్కుతుంది. బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే జననం నమోదు కావాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డా మెట్టినింటికి వచ్చేస్తారు. ఆస్పత్రి చీటీ అమ్మమ్మగారి బీరువాలో ఉండిపోతుంది. బారసాల ఘనంగానే చేస్తారు గానీ, రిజిస్టర్‌లో పిల్ల పేరు ఎక్కించాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. బడిలో చేర్చేటప్పుడు తీస్తే, తేదీ ఉండి పేరు లేని కాగితం చేతికొస్తుంది. పైగా అది పక్క రాష్ట్రం ముద్రతో ఉంటుంది.

ఇంతకాలం ఇది చిన్న చికాకు. ఇకమీదట అలా ఉండదు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1కి ముందు వరకు ఈ నేల మీద పుట్టినవారు, విదేశీ రాయబారుల పిల్లల వంటి కొద్దిపాటి మినహాయింపులు పోను, పుట్టుకతోనే పౌరులు. ఆ తర్వాత పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అంటే ఇవాళ్టి పిల్లలకు పుట్టిన ఊరి కాగితం ఒక్కటీ చాలదు, కన్నవారి కాగితాలూ కావాలి. 2025లో బిహార్ ఓటర్ల జాబితాను ప్రత్యేకంగా సవరించినప్పుడు, 2003 జాబితాలో లేనివారిని ఇవే తేదీల ప్రకారం విడదీసి, వయసులో చిన్నవారిని తల్లిదండ్రుల పత్రాలు కూడా అడిగారు. ఆధార్ చూపిస్తే సరిపోతుందనుకునేవారు ఒక్క విషయం గమనించాలి. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోనే రాసి ఉంది.

సరిహద్దు జిల్లాల తెలుగువారి పౌరసత్వం మీద మాకు ఇసుమంతైనా సందేహం లేదు. ఒడిశాకు వేరు, మహారాష్ట్రకు వేరు, ఆంధ్రకు వేరు పౌరసత్వాలు మన రాజ్యాంగంలో లేవు. ఉన్నది ఒక్కటే. కష్టమంతా రుజువు దగ్గరే వస్తోంది. రెండు రాష్ట్రాల్లో చెదిరిపోయిన కాగితాలను ఒకచోట చేర్చాల్సింది ప్రభుత్వాలు. ఆ భారాన్ని రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబం నెత్తిన పెట్టడం అన్యాయమని మేము గట్టిగా చెబుతున్నాం.

సిరొంచ వైపు ఏ ఇంట్లోనైనా ట్రంకుపెట్టె తెరిపించి చూడండి. తాత పేరు ఒక కాగితంలో లచ్చయ్య, ఇంకో దాంట్లో లక్ష్మయ్య, ఓటరు కార్డులో లక్ష్మణ్. మరాఠీ పద్ధతిలో మనిషి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరసగా వస్తాయి. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, లేదా ఒక్క పొడి అక్షరంతో సరిపెడతారు. దాంతో కంప్యూటర్ దృష్టిలో తండ్రీకొడుకులు ఒకరికొకరు ఏమీ కారు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోనూ ఇదే తంతు. తెలుగు పేరును ఒడియా బడిలో మాస్టారు విన్నది విన్నట్టు రాసుకున్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఒక్క అక్షరం తేడా పట్టుకుని, ‘ఈయనా ఆయనా ఒకరేనని రుజువేంటి’ అని కౌంటర్‌లో అడిగితే ఆ కొడుకు పడే టెన్షన్ ఇంతా అంతా కాదు.

ఆడవాళ్ల సంగతి మరీ కష్టం. బడికి పోలేదు కాబట్టి టీసీ ఉండదు. గుడిలో తాళి కట్టించుకున్నారు కాబట్టి పెళ్లి రిజిస్ట్రేషన్ ఉండదు. పుట్టింటి రేషన్ కార్డులో పేరు తీసేశారు, అత్తింటి కార్డులో కొత్త ఇంటిపేరుతో ఎక్కించారు. ఈ ఇద్దరూ ఒకే మనిషి అని చెప్పే కాగితం ఎక్కడా లేదు. 2004 తర్వాత పుట్టిన బిడ్డ విషయంలో తండ్రి వివరాలతో పాటు తల్లి వివరాలూ చూడాలని చట్టం చెప్పాక, ఆమె కాగితాల కొరత నేరుగా బిడ్డ మెడకు చుట్టుకుంటుంది.

పాత రికార్డుల గొడవ వేరే ఉంది. బరంపురం, కొరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోవి. కిన్వట్, రాజురా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోవి. నిజాం కాలపు దస్తావేజులు ఉర్దూలో ఉన్నాయి. మూడు తరాలుగా అదే పెంకుటింట్లో ఉంటున్నవారు కూడా ముత్తాత పేరు కోసం పక్క రాష్ట్రానికి పరుగెత్తాల్సిందే. ఇక ఒడిశా, ఆంధ్ర రెండూ తమవేననే కొటియా పల్లెల్లోనూ, మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవేననే చంద్రపూర్ జిల్లా జివతి వైపు పల్లెల్లోనూ రెండు రాష్ట్రాల ఓటరు కార్డులున్న ఇళ్లున్నాయి. హద్దు తగాదా రాష్ట్రాల మధ్యది. అది తేలలేదన్న సాకుతో ఏ ఒక్కరి పేరూ రెండు జాబితాల్లోంచీ పోకూడదు.

విదేశాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారి దారి ఇంకొకటి. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు పాకిస్తాన్ శరణార్థులను ఒడిశాలోని మల్కనగిరి, ఉమర్‌కోట్ ప్రాంతాల్లో స్థిరపరిచారు. కలిమెల సంతలో మనవాళ్ల పక్కనే కూర్చుని కూరగాయలమ్మే బెంగాలీలు ఆ కుటుంబాలవారే. వారి పిల్లల్లో 1987 జులైకి ముందు ఇక్కడ పుట్టినవారు పుట్టుకతోనే పౌరులు. వారిని ఎవరైనా పరాయివాళ్లంటే ఈ మాట గట్టిగా చెప్పాలి. ఇతరత్రా సహజీకరణ ద్వారా, అంటే ఇక్కడ ఏళ్ల తరబడి ఉండి దరఖాస్తు చేసుకుని పౌరసత్వం కోరే విదేశీయులకు మామూలుగా మొత్తం పన్నెండేళ్ల నివాసం ఉండాలి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏదో ఒక భాష తగినంతగా రావాలి. తెలుగు, ఒడియా, మరాఠీ మూడూ అందులో ఉన్నాయి.

గంజాం జిల్లా నుంచి ఒకప్పుడు గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం (రంగూన్) పోయేవారు, ఇప్పుడు విమానమెక్కి గల్ఫ్ పోతున్నారు. 1992 డిసెంబరు 10కి ముందు విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి ద్వారా మాత్రమే మన పౌరసత్వం వచ్చేది. ఆ తేదీ నుంచి తల్లి ద్వారానూ వస్తోంది. అయితే 2004 డిసెంబరు 3 నుంచి, పుట్టిన ఏడాదిలోపు అక్కడి మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. గడువు దాటితే కేంద్రం అనుమతి కావాలి. బంధువులు గల్ఫ్‌లో ఉన్నవారు ఈ మాట ఫోన్‌లోనైనా చెప్పండి.

ప్రభుత్వాలు చేయాల్సింది కొండంత పని కాదు. 2023లో సవరించిన చట్టం జనన మరణాలకు జాతీయ స్థాయి డేటాబేస్ పెట్టింది. అలాంటప్పుడు ఇచ్ఛాపురం రిజిస్టర్‌లో పేరు చేర్చాలన్న దరఖాస్తును బరంపురంలో ఒడిశా పౌరసేవలందించే మో సేవా కేంద్రంలో ఎందుకు తీసుకోకూడదు? చెన్నూరు నమోదు కోసం సిరొంచ మనిషి కూలి పోగొట్టుకుని నది దాటాల్సిన అవసరం ఏముంది? ఒడిశా ఆంధ్రప్రదేశ్‌తో, మహారాష్ట్ర తెలంగాణతో మాట్లాడుకుని ఈ ఏర్పాటు వెంటనే చేయాలి. పర్లాకిమిడి, రాయగడ, మల్కనగిరి, సిరొంచ, కిన్వట్, ధర్మాబాద్ కార్యాలయాల్లో తెలుగు చదవగలిగిన ఉద్యోగి ఒక్కరినైనా ఉంచాలి. పేర్లలో తేడా ఉంటే ఊళ్లో విచారించి, ఇద్దరూ ఒకరేనని తహసీల్దార్ ఒక్కసారి ఉత్తర్వు ఇవ్వాలి, దాన్ని అన్ని శాఖలూ ఒప్పుకోవాలి. దరఖాస్తు తిప్పి పంపితే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ‘రేపు రండి’ అన్న నోటిమాట మీద అప్పీలు చేసుకోలేం కదా.

ఏడాది దాటినా అసలు నమోదే కాని జననాలకు ఇప్పుడు కలెక్టర్ గానీ, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్ గానీ, కలెక్టర్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ ఉత్తర్వు ఇవ్వవచ్చు. కోర్టు చుట్టూ తిరిగే బాధ తప్పినట్టే. నమోదై పేరు లేని పిల్లలకు ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత పదిహేనేళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్చుకునే వీలుంది. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలున్న ఇళ్లు ఈ వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడే మునిసిపల్ ఆఫీసుకో పంచాయతీకో వెళ్లి ఆ పని ముగించుకోవాలి.