తాయ్ చీకి ఐదు వేల ఏళ్ల కథ అక్కర్లేదు

పొద్దున్నే బీజింగ్ పార్కుల్లో పెద్దవాళ్లు వరసగా నిలబడి నెమ్మదిగా చేతులు తిప్పుతుంటారు. అదే తాయ్ చీ అనే చైనా వ్యాయామం. ఆ వీడియోలు ఏవి చూసినా కింద ఒకటే మాట, ఐదు వేల ఏళ్ల ప్రాచీన రహస్యం అని. నాకు చిరాకు అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే మామూలు జనం ఎక్కువగా చేసే 24 భంగిమల తాయ్ చీ 1956లో తయారైంది. చైనా ప్రభుత్వ క్రీడా శాఖ నిపుణుల్ని కూర్చోబెట్టి, తాయ్ చీలోనే పొడవాటిదైన యాంగ్ శైలిని కత్తిరించి, ఐదారు నిమిషాల్లో అయిపోయేలా కుదిర్చింది. అంతకు వెనక్కి వెళ్లినా, కాస్త గట్టి ఆధారాలు హెనాన్ ప్రావిన్స్‌లోని చెన్ జియాగౌ అనే ఊరి దగ్గర, 17వ శతాబ్దంలో ఆగిపోతాయి. అదీ కొట్లాట విద్యగానే.

వయసు తక్కువైతే విలువ తగ్గిపోతుందా? మన యోగా గురించి కూడా ఇదే భయం చాలామందికి, అందుకే ఎవరైనా చరిత్ర తవ్వితే కోపం వస్తుంది.

నిజానికి తాయ్ చీ విలువ కాళ్ల దగ్గర ఉంది. ‘అడవి గుర్రం జూలును పాయ తీయడం’ అనే భంగిమే తీసుకోండి. ఎడమ కాలు ముందుకు వేస్తారు, మడమ నేలకు ఆనుతుంది కానీ దాని మీద ఇంకా ఏ బరువూ ఉండదు, మొత్తం బరువు వెనక కాలి మీదే. అప్పుడు మోకాలు వంచి, ఒంటి బరువును కొద్దికొద్దిగా ముందుకు జరుపుతారు. వేగంగా చేస్తే ఊపులో తప్పించుకోవచ్చు, నెమ్మదిగా చేస్తే తొడలు వణుకుతాయి. పడిపోబోయే ముసలాయన కాలికి కావలసిన అలవాటు ఇదే. 2012లో అమెరికాలో 195 మంది పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) రోగుల మీద జరిగిన పరీక్షలో, వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు చేసినవాళ్లకి బ్యాలెన్స్ బాగా మెరుగైంది. స్ట్రెచింగ్ చేసినవాళ్ల కన్నా తక్కువసార్లు పడ్డారు. బరువులతో వ్యాయామం చేసినవాళ్లతో పోలిస్తే మాత్రం, పడిపోవడాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఈ చివరి ముక్క ప్రచారంలో ఎవరూ చెప్పరు.

రహస్యం అన్న మాట ఎంత దూరం తీసుకెళ్తుందో చైనాకే బాగా తెలుసు. 1980లలో అక్కడ చీగాంగ్ (ఊపిరి, నెమ్మది కదలికలతో చేసే సాధన) పిచ్చి పట్టింది. స్టేడియాల్లో గురువులు కూర్చుని దూరం నుంచే ‘చీ’ (ప్రాణశక్తి) పంపి రోగాలు నయం చేస్తామనేవారు, విశ్వశక్తిని పట్టడానికని జనం నెత్తిన గిన్నెలు బోర్లించుకుని కూర్చున్న ఫొటోలు కూడా ఉన్నాయి. చైనా రాకెట్ల పితామహుడు చియెన్ షుయెసెన్ అంతటివాడే ఈ అతీంద్రియ శక్తుల పరిశోధనకు వత్తాసు పలికాడు, చదువు ఇలాంటి నమ్మకాలకు అడ్డుపడుతుందనుకునేవాళ్లు గమనించాలి. చివరికి 1999లో, ఈ చీగాంగ్ ఊపులోంచే పుట్టిన ఫాలున్ గాంగ్ అనే ఆధ్యాత్మిక ఉద్యమాన్ని నిషేధించి ప్రభుత్వం విరుచుకుపడింది. వాళ్ల మీద జరిగిన అణచివేతను నేను సమర్థించను, అది వేరే చర్చ.

2020లో యునెస్కో తాయ్ చీని వారసత్వ జాబితాలో చేర్చింది, సంతోషం. కానీ అది వైద్య సర్టిఫికెట్ కాదు. మీ అమ్మగారికో నాన్నగారికో మోకాళ్లు బాగాలేకపోతే డాక్టర్ని అడిగి నేర్పించండి, గోడ పక్కనో కుర్చీ పట్టుకునో మొదలుపెట్టించండి. ‘రెండు రోజుల వర్క్‌షాప్, బీపీ మాత్రలు మానేయొచ్చు’ అనేవాడు ఎదురైతే మాత్రం ఫీజు ఎంతని కూడా అడగొద్దు.