మొగుడి పాత చొక్కా, మా కొండ నడక

నెల్లూరు వైపు పెంచలకోనకు పోయే దారిలో రాపూరు చుట్టుపక్కల నిమ్మతోటల్లో కాయలు కోసే ఆడవాళ్లను చూడండి. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, దానిమీద మొగుడిదో కొడుకుదో పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఉంటారు. నిమ్మముల్లు చేతులు గీరకుండా, ఎండకు చర్మం మాడిపోకుండా. నాట్లేసేవాళ్లూ, మిరపకాయలు కోసేవాళ్లూ, కందుకూరు వైపు పొగాకు చేలల్లో పనిచేసేవాళ్లూ అంతే. ఆరుబయట ఒళ్లు వంచే ఆడమనిషికి సరైన బట్ట ఎవరూ కుట్టివ్వలేదు కాబట్టి వాళ్లంతట వాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. నేను కొండలు ఎక్కడం మొదలుపెట్టి ఏడేళ్లవుతోంది. ఇప్పటికీ నా బ్యాగులో నాకు అన్నిటికంటే ఇష్టమైన వస్తువు కూడా అలాంటిదే, మా ఆయన పాత నూలు చొక్కా.

ఇష్టమే, కానీ సరిపోదు. ఛాతీ దగ్గర సరిపోయేది వేసుకుంటే భుజం కుట్టు చేతి మీదకు జారిపోయి మోచెయ్యి పైకెత్తినప్పుడల్లా చొక్కా మొత్తం లేస్తుంది. భుజాలకు సరిపోయేది వేసుకుంటే రెండో గుండీకీ మూడో గుండీకీ మధ్య నోరు తెరుచుకుంటుంది, అక్కడో పిన్నీసు పెట్టాలి, సరిగ్గా ఆ పిన్నీసు మీదకే బ్యాగు పట్టీ వస్తుంది. ఉదయగిరి కోట కొండ మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. ఆ ఎండలో, ఆ రాళ్ల మీద ఒక చేత్తో చొక్కా సర్దుకుంటూ రెండో చేత్తో బండ పట్టుకుని ఎక్కడం ఎంత చిరాకో ఎక్కినవాళ్లకే తెలుస్తుంది.

సరే, డబ్బులు పెట్టి మంచివే కొనుక్కుందామని నేనూ నా స్నేహితురాలూ ఒకసారి చెన్నై వెళ్లాం. పెద్ద షాపు. మగవాళ్ల ట్రెక్కింగ్ ప్యాంట్లు ఒక గోడ నిండా ఉన్నాయి, ఆడవాళ్లవి ఒకే ఒక స్టాండు. అందులో సగం యోగా లెగ్గింగ్సులు. ఉన్న రెండు మూడు ప్యాంట్లలో నడుముకు సరిపోయింది పిరుదుల దగ్గర ఎక్కలేదు, పిరుదులకు సరిపోయింది నడుము దగ్గర పిడికిలి దూరేంత వదులు. అక్కడి అబ్బాయి చాలా మర్యాదగానే, "మేడమ్, జెంట్స్‌లో చూడండి, లేడీస్ ఎక్కువ పోవు, అందుకే తెప్పించం" అన్నాడు. చివరికి ఇద్దరం మగవాళ్ల ప్యాంట్లే కొనుక్కుని బయటపడ్డాం.

నెల్లూరు రైలెక్కాక ఆ మాట గురించే ఆలోచించాను. మేం ఇద్దరు ఆడవాళ్లం రెండు ప్యాంట్లు కొన్నాం. ఆ షాపు కంప్యూటర్‌లో అవి మగవాళ్ల ప్యాంట్లు రెండు అమ్ముడైనట్టు పడతాయి. వచ్చే సీజన్‌కు స్టాకు ఆ లెక్క చూసే తెప్పిస్తారు, కంపెనీవాళ్లు కూడా ఆ లెక్క చూసే ఏది ఎక్కువ కుట్టాలో తేల్చుకుంటారు. అంటే సరిపోయేది దొరక్క మగవాళ్లది కొన్న ప్రతి ఆడమనిషీ "ఆడవాళ్లు కొనరు" అనే మాటకు తనకు తెలియకుండానే ఒక అంకె కలుపుతోంది. తోటల్లో మొగుడి చొక్కా వేసుకునే వాళ్లయితే ఆ లెక్కలోకి కూడా రారు, వాళ్లు కొననే కొనరు కదా. గిరాకీ లేదని ఎవరైనా అంటే నేను నమ్మను. కార్తీక మాసంలో కొండల్లోని శివక్షేత్రాలకు, భైరవకోనకో ఘటిక సిద్ధేశ్వరానికో వెళ్లి చూస్తే నడిచేవాళ్లలో ఆడవాళ్లు ఎంతమందో కళ్లకే కనిపిస్తుంది.

మనకు సరిపోయే బట్టలు దొరక్కపోవడానికి రెండో కారణం కొలతలు. ఒక మధ్యరకం సైజు తయారుచేసుకుని, దాన్నే అన్నివైపులా ఇంత పెంచి ఎల్ అనీ, ఇంత తగ్గించి ఎస్ అనీ ముద్రేస్తారు. మనిషి ఒళ్లు అలా పెరగదు. నడుము పెరిగినంత మాత్రాన చెయ్యి పొడవు పెరుగుతుందా? పైగా ఆ మధ్యరకం సైజుకు మూలం చాలావరకు విదేశీ కొలతలే. మనవాళ్ల కొలతలతో మన సైజులు తయారుచేయాలని నిఫ్ట్ అనే ఫ్యాషన్ విద్యాసంస్థ వాళ్లు ఇండియా సైజ్ పేరుతో ఆరు నగరాల్లో 25,000 మందికి పైగా మనుషులను 3డి స్కానర్లతో కొలిచే పని పెట్టుకున్నారు. నగరాలే ఎందుకు అనేది నా ప్రశ్న. పొలంలో వంగి నాట్లేసిన భుజాలూ, కంప్యూటర్ ముందు కూర్చున్న భుజాలూ ఒకేలా ఉంటాయా?

పాదాల సంగతి ఇంకాస్త ముందుకెళ్లింది. చెన్నైలోని సీఎల్ఆర్ఐ, అంటే తోళ్ల పరిశోధన సంస్థ, 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి మధ్య దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను స్కాన్ చేసింది. యూరప్, అమెరికా వాళ్లతో పోలిస్తే మన పాదాలు వెడల్పు అని తేలింది. దాన్నిబట్టి "భ" అనే పేరుతో మనకంటూ ఒక సైజుల పద్ధతిని ప్రతిపాదించారు, అందులో ఆడవాళ్లకు విడిగా ఒక తరగతి ఉంది. ఆ వార్త చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది, ఎందుకంటే అంతకుముందు తప్పంతా నా కాళ్లదే అనుకునేదాన్ని. ముందుభాగం సన్నగా ఉండే బూట్లు వేసుకుని ఉదయగిరి కొండ దిగుతుంటే ప్రతి అడుగుకీ వేళ్లు ముందుకు తోసుకుపోయి ఒకదానికొకటి నొక్కుకునేవి. రెండో వేలికి మెట్టె ఉంటుంది కదా. ఆ వెండి కమ్మి పక్క వేలిలోకి దిగబడి, కిందకొచ్చి సాక్సు విప్పేసరికి చర్మం చుట్టూ ఎర్రగా గీసినట్టు గాడి పడి ఉండేది. బూట్లు గీసేవాడి కాగితం మీద మెట్టె ఎప్పుడూ లేదు. తీసేయొచ్చుగా అంటారు కొందరు. తీసేవాళ్లు తీస్తారు, నాతో వచ్చే ఆడవాళ్లలో చాలామంది తీయరు, వాళ్లను తీయమని చెప్పే హక్కు బూటుకు లేదు. ఇప్పుడు నేను సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందం సాక్సు తొడుక్కుని, మెట్టెతోనే వేసి చూసి, ఒక సైజు పెద్దవి కొంటున్నాను. మడమ దగ్గర వదులైతే లేసు పై రంధ్రాల దగ్గర బిగించి కడతాను.

బ్యాగు గురించి ఒక్క మాట. బరువు భుజాల మీద కాకుండా నడుము కింద ఎముకల మీద కూర్చోవాలి. మగవాళ్ల బ్యాగు వీపు పొడవు మనకు ఎక్కువైతే నడుము పట్టీ తొడల దగ్గరకు దిగిపోతుంది, అప్పుడు మూడు లీటర్ల నీళ్ల బరువూ మెడ మీదే. కొనేముందు షాపులోనే నాలుగైదు కిలోలు పెట్టించుకుని పది నిమిషాలు నడవండి, ఎవరేమనుకున్నా సరే.

ఇక కాటన్ వద్దు, కాటన్ వద్దు అని ఎక్కడ చూసినా చెప్తుంటారు. మంచు కొండల్లో అది నిజమే, తడిసిన నూలు ఒంట్లో వేడి లాగేస్తుంది. మన వేసవిలో పొద్దున్నే ఎక్కి తొమ్మిదికల్లా దిగేసే నడకకు నూలు చొక్కా హాయిగానే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మనకు అసలు వానలు పడే రోజుల్లో మాత్రం నూలు ప్యాంటు వద్దు. ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి. లెగ్గింగ్సులైతే అసలే వద్దు, సర్కారు తుమ్మ ముల్లు ఒకటి తగిలితే పోగు లాగి చిరిగిపోతాయి. మోకాళ్ల దాకా ఉండే కుర్తా నాకు తప్పనిసరి. దానికి కారణం సిగ్గు ఒక్కటే అనుకోవద్దు. అడవి దారిలో బాత్రూమ్ ఉండదు, పొద చాటుకు వెళ్లినప్పుడు ఆ పొడవే మనకు తెర. అది తెలియకే చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగకుండా కొండ ఎక్కి కళ్లు తిరిగి కూలబడుతున్నారు. నెలసరి రోజులకు ముదురు రంగు ప్యాంటు, లోపల జిప్పున్న జేబు ఉంటే సగం టెన్షన్ పోతుంది. జేబు అన్నాను కాబట్టి చెప్తున్నా, 2018లో ద పుడింగ్ అనే అమెరికా వెబ్‌సైట్ జీన్స్ జేబులు కొలిచింది, ఆడవాళ్ల ముందు జేబులు మగవాళ్ల వాటికంటే సగటున 48 శాతం పొట్టి అట.

షాపుల మీద ఆశ వదిలేసి రెండేళ్ల కిందట మా వీధి టైలరమ్మ దగ్గరికి వెళ్లాను. చిన్నబజారులో ట్రాక్‌ప్యాంట్లు కుట్టే గుడ్డ, త్వరగా ఆరేది, రెండు మీటర్లు తీసుకున్నాను. ఆమె నన్ను నిలబెట్టి కొలవలేదు. "మెట్టెక్కినట్టు కాలు పైకి పెట్టండమ్మా" అని స్టూలు చూపించి, అలా ఉండగా నడుము నుంచి మోకాలి దాకా టేపు పెట్టింది. కాళ్ల కుట్లు నాలుగూ కలిసేచోట పాత పైజమాల్లో ఉన్నట్టు ఒక చదరపు ముక్క వేసింది, దాంతో ఎంత పెద్ద బండ ఎక్కినా అక్కడ పట్టేయదు, పిగలదు. నడుముకు వెనకాల ఎలాస్టిక్, ముందు లంగాకు కట్టుకున్నట్టే బొందు. పక్కన అరచెయ్యి మణికట్టు దాకా మునిగే జేబులు. గుడ్డా కుట్టుకూలీ కలిపి ఏడొందలు దాటలేదు. ఆ ప్యాంటుతో ఉదయగిరి రెండుసార్లు, భైరవకోన జలపాతం దగ్గరికి ఒకసారి వెళ్లొచ్చాను.

ఇప్పుడు చొక్కా కుట్టిస్తున్నాను. ఛాతీ దగ్గర గుండీలు దగ్గర దగ్గరగా, చంక కింద గాలాడే గుడ్డ, చేతులు పైకెత్తినా లేవకుండా వీపున మడత. మొదటిది కుట్టి, సరిపోయిందో లేదో చూస్తుండగా టైలరమ్మ చెల్లెలు లోపలికొచ్చింది, రాపూరు దగ్గర తోటల్లో కాయలు కోస్తుంది. చొక్కా పట్టుకుని అటూ ఇటూ తిప్పి, చెయ్యి దూర్చి జేబు చూసింది.

"ఇట్టాంటిది నాకూ కుట్టవా అక్కా? కాకపోతే జేబు లోపలికి పెట్టు. వంగినప్పుడల్లా సెల్లు పడిపోతా ఉంది."

టైలరమ్మ అప్పటికే టేపు తీసి చెల్లెలి చేతులు పైకెత్తమంటోంది, కొమ్మ అందుకునేటప్పుడు ఎత్తినట్టు.