సవరణ: "ప్రాణమైనా ఇవ్వండి" అన్న మాట గురించి

గుంటూరు నుంచి ఏజెన్సీ గ్రామాలకు క్రైస్తవ సేవకు వెళ్లే యువత గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో "ప్రాణమైనా ఇవ్వడానికి సిద్ధపడి వెళ్లండి" అన్న వాక్యం ఉంది. అది చదివి కొందరు తల్లులు టెన్షన్ పడ్డారు. ఒక కుర్రాడైతే మలేరియా జాగ్రత్తలు తీసుకోవడం కూడా దేవుడి మీద అవిశ్వాసమే అన్నాడట! ఆ వాక్యాన్ని ఇకపై "ఎదుటివాళ్ల కోసం ఎంత కష్టమైనా పడటానికి సిద్ధపడి వెళ్లండి" అని చదువుకోగలరు.

దేవుడు కాపాడతాడులే, గుడి శిఖరం మీద నుంచి దూకమని సాతాను అంటే యేసు దూకలేదు కదా (బైబిల్లో మత్తయి 4). 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ గారు కూడా ఆరోగ్యం చెడితే ఇక్కడే పోతానని పంతం పట్టలేదు. అమెరికా వెళ్లి, వైద్యం చదివి, మళ్లీ వచ్చారు. డెబ్బై దాటాక ఇంకోసారి రావడం వేరే కథ. అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆ మధ్య ఏళ్లన్నీ రోగులకే ఇచ్చారు. నా దృష్టిలో ప్రాణం పెట్టడమంటే అదీ.

స్నేహితుల కోసం ప్రాణం పెట్టడం కంటే గొప్ప ప్రేమ లేదన్న యోహాను 15:13 ప్రస్తావన పోస్టులో అలాగే ఉంటుంది. ఇంట్లో చెప్పకుండా బయలుదేరే పిల్లల్ని మాత్రం జట్టులో చేర్చుకోవద్దని పాస్టర్లకు మనవి.