చెవులున్న మొక్కలు, చెవుల్లేని మొక్కలు

గోధుమ చేలో వెడల్పాకు కలుపూ గడ్డిజాతి కలుపూ ఒకేసారి తలెత్తినప్పుడు, రెండింటి కోసం రెండుసార్లు పంపు భుజాన వేసుకోవడం తెలివితక్కువ పని అని నాకు తోచింది. మొదటిదానికి 2,4-డి, రెండోదానికి క్లోడినాఫాప్ అనే కలుపు మందులు తెచ్చి, రెండూ ఒకే ట్యాంకులో పోసి కలిపితే ఒక రోజు కూలీ మిగులుతుందనీ, ఒక రోజు నడుంనొప్పి తప్పుతుందనీ లెక్క వేశాను. పక్క చేను బాబాయిగారు గట్టు మీది నుంచి, "ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు అబ్బాయ్, మధ్యలో వారం పది రోజులు ఎడం ఇవ్వు" అని కేక వేశారు గాని, నేను విననట్టే ముందుకు సాగిపోయాను.

పది రోజులకు వెడల్పాకు కలుపు కాడలు మెలితిరిగి నేల కరిచింది. ఆ ఉత్సాహంలో నలుగురికీ నా ఉపాయం చెప్పేశాను కూడా. చెప్పిన తరువాతే తెలిసింది, ప్రత్యర్థులందరూ తప్పుకోవడంతో ఆ గడ్డిజాతి కలుపైన అడవి ఓట్లు, పేరుకు తగినట్టే, ఏకగ్రీవంగా గెలిచి చేనంతా నిగనిగలాడుతున్నాయని.

బాబాయిగారు వచ్చి ఒక మొక్క నడి ఆకును రెండు వేళ్లతో పట్టుకుని లాగారు. క్లోడినాఫాప్ సరిగా పనిచేస్తే, కొత్త కణాలకు కావలసిన కొవ్వు ఆమ్లాలు తయారు కాక, ఆ ఆకు మొదలు కుళ్లి సులువుగా ఊడి రావాలి. నా మొక్క ఆకు ఊడలేదు సరికదా, బాబాయిగారి వేళ్లే జారిపోయాయి. గోధుమా గడ్డిజాతిదే కాబట్టి, దాని దాయాదులను మాత్రమే చంపి దానిని వదిలిపెట్టడానికి ఆ మందులో క్లోక్వింటోసెట్ అనే రక్షక పదార్థాన్ని కూడా చేరుస్తారు. అంత నాజూకైన ఏర్పాటులోకి నేను 2,4-డిని తోసేసరికి, గడ్డిని చంపే బలమే సన్నగిల్లింది. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఇక చేతితో పీకడమే మిగిలింది. అడవి ఓటు లేత ఆకు గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగానూ, గోధుమ ఆకు ముల్లు దిక్కుగానూ మెలితిరుగుతాయని ఎక్కడో చదివిన జ్ఞానంతో, ప్రతి మొక్క ముందూ వంగి తలను అటొకసారి ఇటొకసారి తిప్పుతూ, మెడ పట్టేసే సమయానికి గోధుమలనే గుప్పెడు పీకేశాను.

బాబాయిగారు నా గుప్పిట్లోంచి ఒక మొక్క తీసుకుని, ఆకు కాండాన్ని కలిసే చోట చిన్న కొక్కేల్లా కాండాన్ని చుట్టుకున్న రెండు చెవులను గోటితో చూపించారు. వాటి అంచున సన్నని నూగు కూడా ఉంది. అడవి ఓటుకు ఆ చోట చెవులు లేవు; పలుచని తెల్లని పొర మాత్రం నిక్కి ఉంది.

"చెవులున్న దానిని వదిలెయ్, లేని దానిని పీకెయ్" అని, ఆయన నా వైపు కాసేపు చూసి, "నిన్ను ఏ లెక్కలో వెయ్యాలో మాత్రం తెలియడం లేదు" అన్నారు.